ఫ్రాన్సు సముద్రానికి మంచి తిథి

ప్రయాణాలు చేసేవాళ్ళని చూస్తే నాకు జాలి! పాపం, వాళ్ళకి వాట్సాప్ గ్రూపు లేదన్నమాట. ఉండి ఉంటే హాయిగా ఇంట్లోనే ఉండేవాళ్ళు.

మాకుంది. పేరు 'ఛలో ఫ్రాన్స్'. విజయనగరంలో ఒకే ఇంట్లో, ఒకే ఫ్యాను కింద కూర్చునే ఐదుగురం అందులో సభ్యులం. మా అత్తగారు సుభద్రమ్మ, మా వారు, మరిది గిరిబాబు, తోడికోడలు ధనలక్ష్మి, నేను. మూడేళ్ళుగా ఆ గ్రూపులో ప్రయాణం జరుగుతూనే ఉంది. ఒక్కరికీ కాళ్ళు నొప్పెట్టలేదు, ఒక్క సూట్‌కేసూ పోలేదు. ఇంత సుఖమైన విదేశీయానం ఏ ట్రావెల్స్ వాళ్ళు చూపిస్తారు చెప్పండి?

ఎక్కడికంటారా? ఫ్రాన్సు తీరంలో ఓ రాతిగుట్ట. పేరు మోం సాం మిషెల్. దాని మీద వెయ్యేళ్ళనాటి క్రైస్తవ సన్యాసుల మఠం. సముద్రం వెనక్కి పోయినప్పుడు చుట్టూ కనుచూపు మేర ఇసుకా బురదా. పెద్ద పోటు వచ్చినప్పుడు నీళ్ళు నలువైపులా చుట్టేసి గుట్ట కాస్తా దీవి అయిపోతుంది.

బీఏలో హిస్టరీ మేడం ఆ బొమ్మ చూపించి, "నీళ్ళు వచ్చినప్పుడు చూడాలే అమ్మాయిలూ!" అన్నారు. ఆవిడా చూడలేదు. ఇరవై ఆరేళ్ళుగా నాకు ఆ నీళ్ళే కావాలి. మఠం ఎక్కడికీ పోదు. వచ్చి పోయేవి నీళ్ళే కదా!

ఇంత చిన్న కోరికని మా కమిటీ ఎంత పెద్దది చేసిందో చూడండి.

మొదటి ఏడాది ఎయిర్‌పోర్టుకి పోయింది. "భోగాపురంలో ఇమానాలు ఎగరబోతంటే వైజాగ్ దాకా దేనికి వదినా? ఇంటి కాడ ఎక్కినట్టుంటాది, ఆగు!" అన్నాడు గిరిబాబు. ఆగాం. ప్రతి ఆదివారం తను బండి మీద వెళ్ళి, కట్టే గోడల్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టేవాడు. కడుతున్న ఇంజనీర్లకైనా అన్ని ఫొటోలు ఉన్నాయో లేదో!

రెండో ఏడాది పోల్స్. మఠం మెట్లెక్కే రోజు టిఫిను ఉప్మానా, పులిహోరా? ఐదుగురికి ఏడు ఓట్లు పడ్డాయి. బూడిదరంగు రాతి ముందు చిలకపచ్చ చీర బాగుంటుందా, టమాటా ఎరుపా? ధనలక్ష్మి పెట్టిన ఈ పోల్ ఇంకా నడుస్తోంది.

మూడో ఏడాది గిరిబాబు ఫోన్లో ఏదో యాప్ పెట్టి మా ఐదుగుర్నీ మఠం ముందు నిలబెట్టాడు. ఫొటోలో నా చేతికి ఆరు వేళ్ళు వచ్చాయి గానీ, చీర కుచ్చిళ్ళు జన్మలో అంత బాగా కుదరలేదు! స్టేటస్ పెట్టిన గంటకి శృంగవరపుకోట నుంచి మా పిన్నత్తగారు నారాయణమ్మ ఫోను.

"ఎప్పుడొచ్చేసినారే? సలి ఎలాగున్నాది? మాకు సాక్లెట్లేవే?"

ధనలక్ష్మి వీధి చివరి కొట్లో చాక్లెట్లు కొని బస్సుకి వేసి పంపింది. ఫ్రాన్సు చాక్లెట్ల రుచే వేరని కోట నుంచి కబురొచ్చింది. చూశారా! వెళ్ళకుండానే తిరిగొచ్చేశాం. ఇంకా వెళ్ళడం దేనికి?

కానీ ఇంతలో ఓ పొరపాటు జరిగింది. మాటవరసకి పెట్టిన దరఖాస్తులకి వీసాలు వచ్చేశాయి! గ్రూపు మొత్తం దిగ్భ్రాంతికి గురైంది. ఇప్పుడిక వెళ్ళాలేమో!

మా అత్తగారు గోడ మీది క్యాలెండరు దించి తిథి చూశారు. అష్టమి, నవమి కుదరవు. అమావాస్య మాట ఎత్తకూడదు. సప్తమి శ్రేష్ఠం. సప్తమినాడు బయల్దేరితే విమానం, రైలు, బస్సు మారి నవమికి మఠం చేరతాం. నవమికి చేరొచ్చా అంటే చేరొచ్చు. గడప దాటిన తిథే లెక్క. మిగతా తిథులకి వీసా లేదు.

ఆ సంబరం నేను లక్ష్మణమ్మకి చెప్పాను. ఆవిడ భోగాపురం దగ్గరి పల్లె నుంచి బుట్టలో చేపలు తెస్తుంది. కొడుకులు ముగ్గురూ వేటకి వెళ్తారు. గేటు దగ్గర నెత్తళ్ళు కొలుస్తూ ఆగిపోయింది.

"సంద్రం సూడ్డానికి నవమికా ఎల్తన్నారు, అమ్మగోరూ? నవమికి సంద్రం సచ్చి పడుంటాది! అమ్మాస ఎల్లిన రెండోనాడు సూడాల. పొంగిపోతాది."

"అది ఫ్రాన్సు, లక్ష్మణమ్మా!"

"అయితే ఏటి? ఆలకి ఇంకో సెందురుడున్నాడా?"

నా డిగ్రీ బుట్టలో పడింది! లోపలికి పరిగెత్తి మఠం దగ్గరి ఆటుపోట్ల పట్టిక తీశాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టే ఉంది. నవమికి వెళ్తే గుట్ట చుట్టూ బురద. విదియకి వెళ్తే నీళ్ళు. విదియకి అక్కడుండాలంటే అమావాస్యనాడు ఇక్కడ గడప దాటాలి. రెండు రోజులు ముందే వెళ్ళి కూర్చుందామా? త్రయోదశి మంగళవారం వచ్చింది. చతుర్దశి ఎలాగూ పనికిరాదు. వీసాల గడువులో పడే పెద్ద పోటు ఆ పై నెల అమావాస్యది ఒక్కటే.

పట్టిక గ్రూపులో పెట్టాను. మా వారు బొటనవేలు ఎత్తారు. ధనలక్ష్మి పువ్వు పెట్టింది. గిరిబాబు మాత్రం మాటల్లోనే రాశాడు: "వదినా, మాగాయ ఎంత తెస్తన్నావు?"

అత్తగారైతే వంటింట్లోకి వచ్చి మరీ చెప్పారు. "అమ్మాసనాడు ఇంటి ఆడది గడప దాటకూడదే హేమా. మా అత్త నన్ను దాటనివ్వలేదు, నేను నిన్ను దాటనివ్వను. బురదైతే ఏటి? ఫ్రాన్సు బురదే గదా!"

నిజమే. ఫ్రాన్సు బురదని తక్కువ చెయ్యడానికి నేనెవరిని?

పెద్దల మాట మీద గౌరవంతో పోయిన అమావాస్యనాడు ఇంట్లోనే ఉందామనుకున్నాను. పొద్దున్నే పాల పాకెట్ కోసం ఓసారి దాటాను. గిరిబాబు బీపీ మాత్రలకి ఓసారి. ఇస్త్రీ బట్టలకి ఓసారి. ధనలక్ష్మి బ్లౌజు టైలర్ దగ్గర ఉండిపోయిందని ఓసారి. మా వారు బండి తాళం పక్కింట్లో మర్చిపోయారని ఓసారి. అత్తగారి కళ్ళజోడు రిపేరుకి ఓసారి. మిట్టమధ్యాహ్నం కూర్చోబోతుంటే ఏడోది వచ్చింది.

"ఒసే హేమా, కరివేపాకు నేదే!"

"అమావాస్య కదా అత్తయ్యా, గడప దాటొచ్చా?"

"సంచట్టుకుని ఎల్లడానికి తిథేటే? ఎల్లు!"

ఆ క్షణంలో నాకు శాస్త్రమంతా బోధపడింది! అమావాస్య సూట్‌కేసుని ఆపుతుంది. సంచిని ఆపదు.

కాబట్టి పాఠకులారా, సప్తమి ప్రయాణం గ్రూపులో నిరాటంకంగా సాగుతుంది. నేను మాత్రం వచ్చే గురువారం, అమావాస్యనాడు, కూరల సంచి పట్టుకుని కరివేపాకుకి బయల్దేరుతున్నాను. వారం పట్టొచ్చు. అంత దూరమా అని ఎవరూ అడగరు. మా ఇంట్లో కరివేపాకు ఎక్కణ్ణుంచి వస్తుందో ఇన్నేళ్ళలో అడిగినవాళ్ళు లేరు. మా వారికి విషయం చెప్పాను. పేపరు దించకుండానే బొటనవేలు ఎత్తారు. అనుమతి కింద రాసుకున్నాను.

నిన్న సంచి సర్దుతుంటే అత్తగారు వచ్చి నిలబడ్డారు. లోపలికి తొంగిచూశారు. స్వెట్టరు, పాస్‌పోర్టు, ఆటుపోట్ల పట్టిక.

"కరివేపాకుకేనా?"

"అవునత్తయ్యా."

ఆవిడ క్యాలెండరు కేసి చూశారు. గురువారం గడిలో నల్లటి చుక్క. తర్వాత మంచం కింద నుంచి పెళ్ళిళ్ళకి సరుకులు తెచ్చే పెద్ద సంచి లాగి, దులిపి, నా ముందు పెట్టారు.

"అందులో నా సెట్టరు పట్టదు. ఇది తీసుకో," అన్నారు గొంతు తగ్గించి. "కొత్తిమీర కూడా నేదు ఇంట్లో."