ఎనిమిది సెకన్లు కదలకుండా

మా కార్యాలయ సభామందిరంలో ఫొటో తీసేటప్పుడు కెమెరాలో ఏ అంకెలు పెట్టాలో తేల్చడానికి వేసిన సంఘం తన పనిని దిగ్విజయంగా ముగించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆ సంఘానికి సభ్య కార్యదర్శిని నేనే కాబట్టి సంతోషంలో పెద్ద వాటా కూడా నాదే.

సందర్భం మా మంచినీళ్లక్క పదవీ విరమణ. ఆమెకు అసలు పేరొకటి ఉంది, సర్వీసు రిజిస్టరులో భద్రంగా ఉంది. ముప్ఫై రెండేళ్లుగా ఎవరి గొంతు ఎండినా గ్లాసు పట్టుకుని ప్రత్యక్షమయ్యే అటెండరు కనక అందరికీ మంచినీళ్లక్కే. మా గోడల మీద నలభై ఒక్క గ్రూప్ ఫొటోలున్నాయి. ఒక్కదాంట్లోనూ అక్క లేదు. ఫొటో తీసేవేళ ట్రే పట్టుకుని ఎవరో ఒకరు బయట నిలబడాలి కదా. ఈసారి మాత్రం ముందు వరుసలో, పెద్దసారు పక్క కుర్చీ ఆమెదే. ఆ ఫొటో కోసం ఆమె కూతురు వారం ముందే ఇంట్లో గోడకు మేకు కొట్టి పెట్టిందట. "మేకు కొట్టేసింది బాబూ, ఫొటో బాగా రావాలి" అని అక్క నాతో నాలుగుసార్లు చెప్పింది. ముప్ఫై రెండేళ్లలో ఆమె మమ్మల్ని అడిగింది అదొక్కటే.

ఫొటోకి స్టూడియో ఆయన్ని పిలిచాం. మనిషి పనిమంతుడే గానీ ఆఫీసు పద్ధతులు తెలియవు. హాలు ఒకసారి కలయజూసి, ఒక్క నిమిషంలో తేల్చేశాడు. చీకటిగా ఉంది కాబట్టి లెన్సు రంధ్రం బాగా తెరవాలట, కెమెరా సున్నితత్వం అంకె పదహారు వందలకు పెంచాలట, షట్టరు సెకనులో అరవయ్యో వంతు తెరుచుకుంటే చాలట. మూడు అంకెలు, ఒక నిమిషం, సంతకం లేదు, ఫైలు లేదు! ఇంత బాధ్యతారాహిత్యాన్ని చూస్తూ ఊరుకోలేక పెద్దసారు అక్కడికక్కడే సంఘం వేశారు. మూడు అంకెలకు మూడు ఉపసంఘాలు.

ఫ్లాష్ వేస్తే ఈ తలనొప్పే ఉండదు కదా అని మీకు అనిపించవచ్చు. ఫ్లాష్ వెలిగితే పెద్దసారు కళ్లు మూసుకుంటారు. గత మూడు ఫొటోల్లో ఆయన నిద్రపోతున్నట్టు పడ్డారు. నాలుగోసారి కూడా అలాగే పడితే చూసేవాళ్లు నిజమనుకునే ప్రమాదం ఉందని ఫ్లాష్‌ను నిషేధిస్తూ సర్క్యులర్ ఇచ్చాం. కిటికీలు తెరవొచ్చు కదా అంటారా, వాటికి అడ్డంగా పాత ఫైళ్ల బీరువాలున్నాయి. వరండాలో బోలెడంత వెలుతురుంది, అక్కడ తీద్దామన్నాడు స్టూడియో ఆయన. పాపం, సభకు అనుమతి హాలుకే ఉందని ఆయనకేం తెలుసు.

మొదటి అంకె ఆడిట్ సారు చేతికి వెళ్లింది. పదహారు వందలు అనగానే ఆయన ఉలిక్కిపడ్డారు. మా హాలులో పన్నెండు ట్యూబులైట్లుంటే వెలిగేవి మూడు. కానీ నిర్వహణ రిజిస్టరు ప్రకారం నెలనెలా పన్నెండూ వెలుగుతున్నాయి, కింద ఆయన సంతకం కూడా ఉంది. చీకటికి పెట్టే అంకె పెడితే హాలు చీకటిగా ఉందని మన చేత్తో మనమే రాసిచ్చినట్టు. అందుకని మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టే వంద ఖరారు చేశారు. ఆ నిర్ణయం వినగానే హాలు కొంచెం వెలుతురుగా కనిపించిందని ఇద్దరు సభ్యులు అన్నారు. నేను నమోదు చేశాను.

రెండో అంకె ఉద్యోగ సంఘం నాయకుడు పట్టుకున్నాడు. రంధ్రం వెడల్పుగా తెరిస్తే ముందు వరుస స్పష్టంగా వచ్చి వెనక వరుసలు మసకబారతాయని తెలిసి ఆయన మండిపడ్డాడు. హోదాను బట్టి మసకబార్చే కుట్రను సహించేది లేదన్నాడు. నాలుగు వరుసలూ సమానంగా రావాలంటే రంధ్రాన్ని సూదిబెజ్జమంత చేయాలి. చేశాం. మా కార్యాలయంలో నాలుగు వరుసలూ సమానమైన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

ఇక మిగిలింది షట్టరు. అక్కడ తేల్చడానికి ఏమీ మిగల్లేదు. ఇచ్చిన రెండు అంకెలూ చూసి స్టూడియో ఆయన తల గీరుకుని, చిత్తు కాగితం మీద లెక్కేసి, ఎనిమిది సెకన్లు తెరిచి ఉంచాలన్నాడు. అంతసేపూ ఎవరూ కదలకూడదు, కదిలినవాళ్లు చెదిరిపోతారని హెచ్చరించాడు. పెద్దసారు చిరునవ్వు నవ్వారు. మావాళ్లకు కదలకుండా కూర్చోవడం నేర్పించాల్సిన అవసరం లేదని ఆయనకు తెలుసు.

సభ జరిగింది. పెద్దసారు నలభై నిమిషాలు మాట్లాడారు. "ఈమె మన కార్యాలయానికి మూలస్తంభం. ఈమె లేని ఈ భవనాన్ని నేను ఊహించలేను. ఈమె సేవలు మన కళ్లముందు ఎప్పటికీ మెదులుతూనే ఉంటాయి" అని, చీటీ తీసి ఆమె పేరు చూసి చదివారు. అక్క మాత్రం కుదురుగా కూర్చుంటేనా! ఫ్యాను తిరగడం లేదని ఒకసారి, కుర్చీ చాల్లేదని ఒకసారి లేచింది. ఆమె స్థానంలో ఆ పూటకి ఎవర్నైనా వేయాలని మాకు తోచలేదు. మాట్లాడేవారు పదకొండుమంది ఖరారయ్యారు గానీ.

చివరికి అందరం సర్దుకున్నాం. మధ్యలో పెద్దసారు, ఆయన పక్కన ఒళ్లో పూలగుత్తితో అక్క, అక్క పక్కన నేను. స్టూడియో ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు అనేసరికి నలభై నిమిషాల ప్రసంగం పెద్దసారు గొంతులో అడ్డుపడింది. పెదవి కదపకుండా చిన్నగా దగ్గారు. పెదవి కదపకుండా దగ్గడం ఆయనకే చెల్లింది. యాభైమందిమి విన్నాం. ఒక్కరమూ కదల్లేదు. అక్క లేచింది.

ఎనిమిది పూర్తయింది. కెమెరా వెనకాల అగ్గిపెట్టెంత తెర చుట్టూ అందరం మూగాం. బ్రహ్మాండం అంటే బ్రహ్మాండం అనుకున్నాం. "ఇంకొకటి తీద్దాం, మధ్యలో అమ్మగారు..." అని స్టూడియో ఆయన ఏదో గొణిగాడు. అప్పటికే పెద్దసారు నీళ్లు తాగి వెళ్లిపోయారు. ఆయన లేని గ్రూప్ ఫొటోకి అనుమతి లేదు.

మూడో రోజు అక్క వచ్చింది, ఫొటో కోసం. కవరులోంచి తీసి ఇస్తూ అప్పుడు చూశాను. నాలుగు వరుసలూ అద్దంలా ఉన్నాయి, చొక్కా గుండీలు లెక్కపెట్టొచ్చు. పెద్దసారు పక్కన మాత్రం పొగలాంటిదేదో ఉంది. ఆ పొగలోంచి కుర్చీ కనిపిస్తోంది. సిగ్గుతో నా ప్రాణం చచ్చిపోయింది. రెండు రోజులుగా ఆ ఫొటో మా అందరి చేతుల్లోనూ తిరిగింది. ఎవరి ముఖం వాళ్లు చూసుకున్నాం, ఆమె లేదని ఒక్కరికీ తెలియలేదు. మీరైనా ముందు అదే చూసుకునేవారు లెండి.

అక్క చాలాసేపు చూసింది. "కుర్చీ బాగా పడింది బాబూ. పొద్దున నేనే తుడిచాను" అంది. ఫొటోని కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. మేకుకు తగిలించిందో లేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

విషయం పెద్దసారు దాకా వెళ్తే విచారణ జరిపాం. అంకెల్లో ఏ లోపమూ లేదు. "సదరు ఉద్యోగిని అనుమతి లేకుండా కదలడమే ఇందుకు కారణం" అని నివేదిక రాశాను. నా దస్తూరి బాగుంటుందని ఎప్పట్లాగే మెచ్చుకున్నారు.

ఆ ఫొటో ఇప్పుడు మా హాలులో నలభై రెండోదిగా వేలాడుతోంది. ఎప్పుడైనా వస్తే టార్చి తెచ్చుకుని చూడండి. ముందు వరుసలో, పొగ పక్కన ఉన్నది నేనే. నాకు కుడివైపు చిన్న స్టూలు మీద నీళ్ల కూజా ఉంది, దాని మీద బోర్లించిన గ్లాసూ ఉంది. దానికి జానెడు దూరంలో నా చెయ్యి ఉంది. ఎంత స్పష్టంగా పడిందనుకున్నారు, గోళ్లతో సహా కనిపిస్తుంది.