నిశ్శబ్ద భాగ్యం: అర్హుల జాబితా

ముందుగా మన్నించమని అడగాలి. అరవై రెండో ఏట పలక పట్టినదాన్ని. ఒత్తులు అక్కడక్కడా జారిపోతాయి, చేయి నిదానం. ఈ సంగతి పోయిన ఎండాకాలంలో జరిగింది, నేను రాసి ముగించేసరికి వానలు కూడా వెళ్లిపోతున్నాయి. అయినా ప్రభుత్వం వారు చేసిన మంచిపని కనుక ఎప్పుడు చదివినా ఒకటేనని నా ధైర్యం.

ఆరోగ్య మంత్రిగారు ఒక సోమవారం పొద్దున పత్రికలవాళ్లందరినీ పిలిచి, ఇకమీదట ఏ పౌరుడి చెవిలోనూ అనవసరమైన మోత ఉండబోదని ప్రకటించారు. బయట ఏ చప్పుడూ లేకపోయినా చెవి లోపల ఈల వేసినట్టో, కీచురాయి అరిచినట్టో ఆగకుండా వినిపించే జబ్బు అది. పక్కవాళ్లకు వినబడదు. పక్కవాళ్లకు వినబడని బాధను కూడా విన్న మొదటి ప్రభుత్వం తమదేనని మంత్రిగారు ముప్పావుగంటసేపు వివరించారు. దీనికి కొత్త యంత్రం వచ్చింది. చెవులకు హెడ్‌ఫోన్లు, నాలుక మీద పెట్టుకోవడానికి చెంచాలాంటి బిళ్ల. చెవిలో సన్నని సంగీతం వస్తుంది, నాలుక మీద చిన్నగా చిమచిమలాడుతుంది. రోజుకో గంట చొప్పున పన్నెండు వారాలు వాడాలి. పథకం పేరు నిశ్శబ్ద భాగ్యం. మొదటి విడత యంత్రాలు నలభై ఒకటి. నలభై ప్రజలకు, ఒకటి అద్దాల పెట్టెలో పెట్టి చూపించడానికి.

ఆ హాల్లో మైకు పెట్టింది మైకుసెట్టాయన. మంత్రిగారు మంత్రి కాకముందు, కుర్చీ మీద నిలబడి మాట్లాడే రోజుల నుంచీ, పంతొమ్మిదేళ్లుగా ఆయన ప్రతి సభకూ ఈయన సెట్టే. బాక్సుల పక్కన, ఆంప్లిఫయర్ ముందు కూర్చుని కూర్చుని మూడేళ్ల కిందట మైకుసెట్టాయన రెండు చెవుల్లోనూ ఒక కూత మొదలైంది. మళ్లీ ఆగలేదు.

అది ఏ ఈలలాగానో ఉన్నా సర్దుకునేవాడు. అచ్చం మైకు కూతలాగే ఉంది. మైకు పట్టుకుని బాక్సులకు ఎదురుగా వెళితే సెట్టు కూత పెడుతుందని అందరికీ తెలుసు. పెట్టబోతుండగానే పసిగట్టి నాబ్ తిప్పడంలోనే ఉంది ఆ పనిలోని పనితనమంతా. ఇప్పుడు కూస్తున్నది బాక్సో తన చెవో ఆయనకు తెలియదు. అందుకని ప్రతి సభకూ భార్యను వెంట తీసుకెళతాడు. ఆమె మైదానం ఆ చివర పసుపు తువ్వాలు పట్టుకుని నిలబడుతుంది. కూత మొదలైతే తువ్వాలు ఎత్తుతుంది, ఆయన నాబ్ తిప్పుతాడు. ఏ సభలో చూసినా ఉండే ఈమెను పార్టీవాళ్లు గొప్ప అభిమాని అనుకుని రెండుసార్లు శాలువా కప్పారు.

ఈ తువ్వాలు రహస్యం మూడో మనిషికి తెలియదు. తెలిసినా, మంత్రిగారి ముందు సెట్టు ఒక్కసారి గట్టిగా కూసినా, మర్నాటి నుంచి ఆ పని మంత్రిగారి బావమరిదికి పోతుంది. ఆయన కొత్త సెట్టు కొని, పైన గుడ్డ కప్పి, ఏడాదిగా కాచుకుని ఉన్నాడు.

కాబట్టి ప్రకటన విన్న మర్నాడే భార్య దరఖాస్తు నింపి ఆఫీసుకు తీసుకెళ్లింది. 'మోతకు కారణం' అన్న చోట 'మంత్రిగారి సభలు, పంతొమ్మిదేళ్లు' అని గుండ్రంగా రాసింది. గుమాస్తా అది చదివి, లేచి వెళ్లి తలుపు మూసి వచ్చాడు.

"అమ్మా, ఇది జబ్బు దరఖాస్తా, అవిశ్వాస తీర్మానమా?"

"ఉన్నదే రాశాను బాబూ."

"ఉన్నదంతా రాయమని ఎవరన్నారు? ప్రతిపక్షం సభలని రాయండి. సాయంత్రానికల్లా మీ ఫైలు పైన పెట్టిస్తాను."

"వాళ్ల సభలకి ఆయన ఒక్కసారి కూడా సెట్టు కట్టలేదే."

గుమాస్తా ఆమె వంక జాలిగా చూశాడు. చివరికి ఇద్దరూ ఆలోచించి 'తెలియదు' అని రాశారు. ఆఫీసు చరిత్రలో ఇంత భద్రమైన జవాబు ఇంకోటి లేదని గుమాస్తా మెచ్చుకున్నాడు.

ఆ వారంలో జబ్బు పార్టీ ఆఫీసులో కార్చిచ్చులా పాకింది. యువజన విభాగానికి ఎడమ చెవిలో మొదలైంది, కార్మిక విభాగానికి కుడి చెవిలో. మహిళా విభాగం అధ్యక్షురాలికి, హోదాను బట్టి, రెండింటిలోనూ. కోశాధికారికి చెవులు బాగానే ఉన్నాయి గానీ మోకాల్లో మోత వస్తోందని విడిగా అర్జీ పెట్టుకున్నాడు. మొత్తం మూడు వందల పన్నెండు దరఖాస్తులు.

పథకం అధికారి నికార్సయిన మనిషి. అనర్హుడు ఒక్కడు కూడా లోపలికి రాకూడదని పదిహేడు నిబంధనలు రాశాడు. అందులో తొమ్మిదోది అన్నిటికన్నా పకడ్బందీ. ఈ మోత రోగికి తప్ప ఇంకెవరికీ వినబడకూడదు కదా, అందుకని ఇద్దరు అధికారులు రోగి చెవికి తమ చెవి ఆనించి, ఐదు నిమిషాలు విని, ఏమీ వినబడలేదని సంతకం చేయాలి. రెండు వారాలపాటు ఆ ఆఫీసులో ఎక్కడ చూసినా చెవులు ఆనించుకుని కళ్లు మూసుకున్న జంటలే. ఎవరికీ ఏమీ వినబడలేదు. మూడు వందల పన్నెండు మందీ నెగ్గారు.

ఇక మిగిలింది చెవుల డాక్టరమ్మ పరీక్ష. ఆవిడ మందపాటి మెత్తలు కొట్టిన గదిలో రోగిని కూర్చోబెట్టి, రకరకాల కూతలు వినిపించి, నీ చెవిలోది ఏదో చూపించమంటుంది. అదే పరీక్ష మూడుసార్లు. నిజంగా మోత ఉన్నవాడు మూడుసార్లూ ఇంచుమించు ఒకే కూతను చూపిస్తాడు. మైకుసెట్టాయన మూడుసార్లూ ఒకే దానికి వేలెత్తాడు. యువజన నాయకుడు మొదటిసారి గంట అన్నాడు, రెండోసారి లారీ అన్నాడు, మూడోసారి డాక్టరమ్మ వైపు వంగి, "ఇందాక నేనేది చెప్పాను మేడమ్?" అని అడిగాడు. మిగతావాళ్లదీ అదే దారి. ఆవిడ ఒక్క పేరే రాసి జాబితా పంపింది.

అధికారి ఆ కాగితాలు క్షుణ్ణంగా చదివి ఆవిడను పిలిపించాడు. మైకుసెట్టాయన భార్య అప్పటికి తొమ్మిదోసారి వచ్చి గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుని ఉంది.

"ఈ మైకాయనకి మూడుసార్లూ ఒకటే వచ్చింది. అంటే జబ్బు నిలకడగా ఉంది. అదుపులో ఉన్నట్టే కదా," అన్నాడు అధికారి. "వీళ్లని చూడండి. పావుగంటలో గంట, లారీ, చప్పట్లు. మనిషన్నవాడు ఎలా తట్టుకుంటాడు డాక్టరుగారూ?"

డాక్టరమ్మ చాలాసేపు ఏదో చెప్పింది. 'డాక్టరుగారి అభిప్రాయం నమోదు చేయడమైనది' అని అధికారి రాసుకున్నాడు. సాయంత్రానికి నలభై మంది జాబితా గోడకెక్కింది. మైకుసెట్టాయన పేరు కింద విడిగా, 'స్థిమితంగా ఉన్నందున అనర్హులు' అని ఉంది.

అద్దాల పెట్టెలో ఉండబోయే నలభై ఒకటో దాని సంగతేమిటని భార్య అడిగింది.

"అది నమూనా అమ్మా. మీ ఆయనకన్నా ఎక్కువ బాధపడేవాళ్లెవరూ లేరని తేలితే అప్పుడు ఆలోచిద్దాం."

ఇంటికొచ్చి చెబితే మైకుసెట్టాయన టంకం పెడుతున్న వైరు మీద నుంచి తల ఎత్తలేదు. పోనీలే, పంపిణీ సభకు సెట్టు మనదే కదా అన్నాడు. ఆ సభకు ఎనిమిది బాక్సులు కట్టమన్నారట. నిశ్శబ్దం గురించి కనుక అందరికీ వినబడాలని మంత్రిగారి కోరిక.

సభ రోజున వేదిక కింద, బాక్సుల ఎదురుగా, నలభై మంది అర్హులు ఒకే వరసలో కూర్చున్నారు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నాలుక మీద బిళ్లలు ఉంచుకుని నోళ్లు మూసుకున్నారు. మంత్రిగారు పదిహేను నిమిషాలు మాట్లాడి, ఎలా ఉంది అని ఆప్యాయంగా అడిగారు. ఎవరూ పలకలేదు.

"ఆనందంతో నోట మాట రావడం లేదు సార్," అన్నాడు అధికారి.

బిళ్లలు తీయించారు. ఒక్కొక్కరే లేచి, మోత పూర్తిగా పోయిందని, లోపలా బయటా ఏ చప్పుడూ లేదని చెప్పారు. పుట్టి బుద్ధెరిగాక ఇంత నిశ్శబ్దం ఎరగనన్నాడు యువజన నాయకుడు. మంత్రిగారికి కళ్లు చెమర్చాయి. చేతిలో మైకు అలాగే పట్టుకుని, వాళ్లను గుండెలకు హత్తుకోవడానికి మెట్లు దిగి, నేరుగా ఎనిమిది బాక్సుల ముందుకు నడిచారు.

సెట్టు కూత పెట్టింది. అలాంటిలాంటి కూత కాదు. మైదానం అంచున పడుకున్న కుక్క లేచి రోడ్డు దాటి పోయింది. వెనక జనం చెవులు మూసుకున్నారు. మైకుసెట్టాయన మాత్రం ప్రశాంతంగా, చేతులు ఒళ్లో పెట్టుకుని, మైదానం ఆ చివరికేసి చూస్తూ కూర్చున్నాడు. తువ్వాలు లేవలేదు.

ఆ చివర భార్య తువ్వాలును నాలుగు మడతలు పెట్టింది. నేల మీద పరుచుకుని దాని మీద కూర్చుంది.

"ఏమిటయ్యా ఆ కూత?" అన్నారు మంత్రిగారు.

యువజన నాయకుడి చేతులు అప్పటికే చెవుల దాకా వెళ్లాయి. వాటితో జుట్టు సర్దుకున్నాడు. "ఏ కూత సార్?"

మంత్రిగారు పక్కవాణ్ని అడిగారు, ఆ పక్కవాణ్ని అడిగారు. మహిళా విభాగం అధ్యక్షురాలు కళ్ల వెంట నీళ్లు కారుతున్నా, తనకు ఏమీ వినబడడం లేదని చిరునవ్వుతో చెప్పింది. అధికారి నలభై సంతకాలు పెట్టిన మనిషి. చీమ చిటుక్కుమన్నా వినబడేంత ప్రశాంతంగా ఉందన్నాడు. మంత్రిగారు మైకుసెట్టాయన వంక చూశారు. ఆయన నిశ్చింతగా నమస్కారం పెట్టాడు. మంత్రిగారి ముఖం పాలిపోయింది. అధికారి చెవి దగ్గరికి వంగి, చేతిలో మైకు ఉందని మరిచిపోయి, మెల్లిగా అన్నారు:

"నాకు వినబడుతోందయ్యా."

ఎనిమిది బాక్సుల్లో నుంచీ ఆ మాట మైదానమంతటికీ వినబడింది.

అక్కడికక్కడే ఇద్దరు అధికారులు చెరో వైపు నుంచి మంత్రిగారి చెవులకు చెవులు ఆనించి, ఏమీ వినబడడం లేదని సంతకాలు చేశారు. అద్దాల పెట్టె తెరిచారు. మంత్రిగారి చేతిలో మైకు తీసుకుని, మీట నొక్కి ఆపి, పక్కన పెట్టి, ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, నాలుక మీద బిళ్ల ఉంచారు. యంత్రం పెట్టీ పెట్టకముందే మోత పోయిందని మంత్రిగారు చేత్తో సైగ చేశారు. చప్పట్లు మారుమోగాయి. మర్నాడు అన్ని పత్రికల్లోనూ ఆ బొమ్మే. గంటసేపు బిళ్ల తీయకూడదు కనుక మిగతా ఉపన్యాసం రద్దయింది.

జనం వెళ్లిపోయాక మొగుడూ పెళ్లాలు వైర్లు చుట్టుకుంటున్నారు.

"మంత్రిగారు ఇవాళ గంట ముందే ఆపేశారేం?" అన్నాడు మైకుసెట్టాయన. "సెట్టు గానీ కూసిందా?"

ఆమె తువ్వాలు దులిపి భుజాన వేసుకుంది.

"లేదండీ. నాకేం వినబడలేదు."

రాసినది: అందరూ బడిమామ్మ అని పిలిచే నేనే. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు ఉంటున్నది రెండో కూతురి ఇంట్లో, కుట్టుమిషను ఉన్న గదిలో.