గుమ్మడికాయకు మంచి బ్రేకులు

ఆ శనివారం ఉదయం డెల్మార్ పెట్టుకున్నది చిన్న పనే. భార్య వెర్లా పెంచిన ఏడు వందల పౌండ్ల గుమ్మడికాయను పదకొండు గంటల లోపు చర్చి పంటల పండుగలో తూకం పోటీకి చేర్చాలి. కిందటేడు దారిలోని దిగుడులో ట్రైలర్ బ్రేకులు పట్టక కాయ దొర్లిపడి పగిలింది. ఏడాదిగా వెర్లా ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని డెల్మార్‌కు అనిపించేది.

అందుకే కాయ ఎక్కించాక ఆఖరి పరీక్ష చేశాడు. దారిలో ట్రైలర్ ట్రక్కు నుంచి ఊడిపోతే, ట్రక్కుకు కట్టిన తీగ లాగి, ట్రైలర్ ముందున్న పిన్ను బయటికొచ్చి, బ్రేకులు పడి చక్రాలు వాటంతటవే బిగుసుకోవాలి. పిన్ను చేత్తో లాగాడు. చక్రాల లోపల బ్రేకుల అయస్కాంతాలు సన్నగా రొద చేశాయి. తోసి చూస్తే ట్రైలర్ అంగుళం కదల్లేదు. ఇంతలో కాయకు కప్పే దుప్పటి పట్టుకోమని వెర్లా పిలిచింది. పిన్ను జేబులో వేసుకుని వెళ్ళాడు. బ్రేకుల గురించి ఇక ఆలోచించనక్కర్లేదన్న నెమ్మదిలో, నిజంగానే ఆలోచించడం మానేశాడు.

తొమ్మిదిన్నరకు ట్రక్కు గర్జించింది. ట్రైలర్ కదల్లేదు.

పక్కింటి ఓరిన్ కాఫీ కప్పుతో వచ్చాడు. "బేరింగులు పట్టేశాయిరా. గ్రీజు పెట్టి ఎన్నాళ్ళయింది?"

"పోయిన వారమే పెట్టా."

"అయితే మరీ ఎక్కువ పెట్టుంటావు."

ఓరిన్ ట్రాక్టర్ తెచ్చి, ట్రక్కు ముందు గొలుసు కట్టి లాగాడు. చక్రాలు తిరగలేదు. పచ్చికలో రెండు చాళ్ళు పడ్డాయి, ట్రాక్టర్ తగిలి ఉత్తరాల డబ్బా ఒరిగింది.

"సుత్తి తే," అన్నాడు ఓరిన్. తెచ్చిన సుత్తితో చక్రాలను వాయించసాగాడు.

"పదయింది, డెల్మార్," అంది వెర్లా. అంతే అంది.

రుమాలు కోసం జేబులో పెట్టిన డెల్మార్ చెయ్యి పిన్ను తగిలి అక్కడే ఆగిపోయింది. ఒప్పుకోవడానికి మూడు మాటలు చాలు. కానీ రెండు చాళ్ళూ, డబ్బా, ఓరిన్ చెమటా వాటికి అడ్డంగా నిలబడ్డాయి. ట్రైలర్ ముందు బూటు తాడు ముడేస్తున్నట్టు వంగి, పిన్నును దాని చోట తిరిగి గుచ్చాడు. సరిగ్గా అప్పుడే ఓరిన్ మరో దెబ్బ వేశాడు. బిగిసి ఉన్న గొలుసు లాగుడుకు ట్రైలర్ మెల్లగా ముందుకు జరిగింది.

"చూశావా! దెబ్బ ఎక్కడెయ్యాలో తెలియాలిరా!"

"తెలియాలి," అన్నాడు డెల్మార్.

కాయకు మొదటి బహుమతి వచ్చింది. వెర్లా మైకులో ఓరిన్‌కు కృతజ్ఞతలు చెప్పింది. తిరుగుదారిలో ఆ దిగుడు దగ్గర బ్రేకులు మెత్తగా పట్టాయి.

"డెల్మార్," అంది వెర్లా, కిటికీలోంచి బయటికి చూస్తూ. "నీ బూట్లకి తాళ్ళెప్పుడొచ్చాయి?"

ఓరిన్ ఆ సుత్తిని తన షెడ్డులో గోడకు తగిలించుకున్నాడు. అది డెల్మార్ సుత్తి.