తొట్టిలో జడ్జి

ఆ శుక్రవారం ఉదయం లెలాండ్ ప్రూయిట్ గారు పెట్టుకున్న పనులు మూడే: జడ్జిని వరండాలోని రేకుతొట్టిలోకి మార్చడం, దాని నీళ్ల ట్యాంకు కడగడం, బజారుకు వెళ్లి స్ట్రాబెర్రీలు తేవడం.

జడ్జి అంటే ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన ఇంట్లో పెరుగుతున్న తాబేలు. పళ్లెమంత వీపు, మొసలికి ఉండవలసిన తోక, కొక్కెంలా వంగిన మూతి. మిసిసిపీ ఒడ్డునున్న ఆ ఊళ్లో ఈ కరిచే తాబేళ్ల పేరు చెబితే పాతకాపులైన జాలర్లు సైతం వేళ్లు ముడుచుకుంటారు. జడ్జి మాత్రం ప్రూయిట్ గారు అందించిన పండును, ఎదుటివారి వాదన పూర్తిగా విన్న తరువాతనే అన్నట్టు, నింపాదిగా అందుకుంటుంది.

"తాబేలు కోపమంతా నేల మీదే. నీళ్లలో తప్పుకునే దారి ఉంటుంది కనుక దానికి మనతో పేచీ ఉండదు," అని ఆయన అడిగినవారికీ అడగనివారికీ చెప్పేవారు.

ముప్పై ఎనిమిదేళ్లు హైస్కూలు హెడ్మాస్టరుగా పనిచేసిన ఆయనకు గర్వకారణాలు రెండు. జడ్జి ఇంతవరకు ఎవరినీ కరవలేదు. ఒకసారి చూసిన ముఖాన్ని తాను ఎన్నడూ మరొకరిదని పొరబడలేదు.

పది గంటలకు ఆయన పళ్లతో తిరిగివచ్చేసరికి వరండాలో తొట్టి లేదు. భార్య వర్నా జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్లింది. ఎదురింటి అడెయిర్ గారి భార్య మాత్రం గేటు దగ్గర నిలబడి ముఖం నిండా నవ్వుతోంది.

"ఇన్నేళ్లకు మీ మనసు కరిగిందండీ! ఫైరింజను వాళ్లు ఇప్పుడే పట్టుకెళ్లారు. ఇద్దరు మోయలేకపోయారనుకోండి!"

ప్రూయిట్ గారి చేతిలోని సంచి జారిపోయింది. ఏటా ఆగస్టులో ఫైర్ స్టేషన్ సహాయార్థం తాబేలు సూపు విందు జరుగుతుంది. తాబేలును పట్టినవారు తొట్టిలో వేసి వరండాలో పెడితే, బండి వచ్చి తొట్టితో సహా ఎత్తుకుపోతుంది. దాతను తలుపు కొట్టి ఇబ్బంది పెట్టకూడదన్నది తాతల నాటి మర్యాద.

ఆయన సంచి అందుకుని, డెబ్బై నాలుగేళ్ల వయసును పక్కన పెట్టి, పరుగెత్తారు.

ఫైర్ స్టేషను గోడకు వేలాడుతున్న పలక మీద ‘హెడ్మాస్టరు ప్రూయిట్ గారి ఘన విరాళం’ అని అప్పుడే సుద్దముక్కతో రాస్తున్నారు. లోపల బండ్లు కడిగే గచ్చు మీద ఏడు తాబేళ్లు బుసకొడుతున్నాయి. వాటి ముందు కత్తి నూరుకుంటూ రోండా. ఊరి విందులన్నిటికీ వంటమనిషి. ఒకప్పుడు ఆయన శిష్యురాలు.

"రోండా! ఆ కత్తి కింద పెట్టు!"

"అమ్మో, ఆ గొంతు! నేను చూయింగ్ గమ్మేమీ నమలడం లేదు సార్, కావాలంటే నోరు చూసుకోండి."

"వీటిలో మా జడ్జి ఉంది. నేను ఇవ్వలేదు, వీళ్లు ఎత్తుకొచ్చారు."

"వరండాలో తొట్టి, తొట్టిలో తాబేలు. మాకింకేం తెలుస్తుంది సార్? సరే, మీదేదో చూపించి పట్టుకెళ్లండి."

ఆయన క్షణం కూడా తడబడలేదు. అన్నిటికంటే పెద్దదానిని చూపించారు. వెంటనే అది మెడ చాచి, దగ్గరలో ఉన్న చీపురు కర్రను ఫటేలున విరిచింది.

స్టేషనంతా గొల్లున నవ్వింది. "చాలా సాధువే సార్! చీపురును తప్ప ఎవరినీ ఏమీ అనలేదు!" అంది రోండా.

ప్రూయిట్ గారి చెవులు ఎర్రబడ్డాయి. "మిమ్మల్నందరినీ వట్టి గచ్చు మీద పడేసి చుట్టూ పదిమంది నిలబడితే మీరేం చేస్తారు? ముందు దానిని తొట్టి నీళ్లలో వేయండి."

వేశారు. తాబేలు అడుగుకు దిగి, కళ్లు మాత్రం పైకి తేల్చి, మళ్లీ ఎవరి జోలికీ పోనంది. ఆయన చొక్కా చేయి మడిచి, వేళ్ల మధ్య ఒక స్ట్రాబెర్రీ పట్టుకుని, నీళ్లలో ముంచారు.

"సార్, వద్దు!" అన్నారెవరో.

తాబేలు చూసింది. ఆ చూపులో తొందర లేదు, భయం లేదు. డైనోసార్లు వచ్చి వెళ్లినప్పుడు కూడా దాని వంశం ఇలాగే చూసి ఉంటుంది. ముడతల మెడ అంగుళం అంగుళంగా సాగింది. చీపురును విరిచిన ఆ మూతి తెరుచుకుని, ఆయన గోటికి వెంట్రుకవాసి దూరంలో, పండును మాత్రమే తీసుకుంది.

రోండా కత్తి దించేసింది. "నా వల్ల కాదు బాబూ. ఇంత పెద్దమనిషి తరహాగా తినే జీవిని నేను ముక్కలు కొయ్యలేను. మిగతా ఆరింటినీ ఏట్లో వదిలెయ్యండి. రేపటికి కోళ్లు తెప్పించండి."

పలక మీది రాత చెరిపేశారు. తొట్టిని బండిలో ఎక్కించి, గంట కొడుతూ ఆయనను ఇంటికి చేర్చారు. గుమ్మంలో వర్నా కొత్త జుట్టుతో నిలబడి ఉంది.

"ఇదెవరండీ?"

"ఎవరేమిటి? జడ్జి!"

"జడ్జి పొద్దుటి నుంచీ మన స్నానాలగదిలో ఉంది. ఎండ పడుతోందని నేనే మార్చాను. మన జాలరి డెల్బర్ట్ వచ్చి, విందు కోసం నిన్న నదిలో ఒకదానిని పట్టాను, మీ తొట్టి ఖాళీగా ఉంది కదా, ఇందులో వేసి పోతానంటే సరేనన్నాను. జాగ్రత్తండోయ్, అతని బూటు మడమ ఊడబెరికిందట!"

ప్రూయిట్ గారు మెట్లెక్కి స్నానాలగది తలుపు తీశారు. స్నానపు తొట్టి అంచు మీదుగా జడ్జి, ఫలహారం ఆలస్యమైందన్నట్టు, ఆయనను తేరిపార చూసింది. ఆయన కుడిచేతి వేళ్లను ఒకసారి లెక్కపెట్టుకున్నారు; నమ్మకం చాలక మరొకసారి లెక్కపెట్టుకున్నారు. ఆ సాయంత్రం అపరిచిత తాబేలును స్వయంగా నదికి తీసుకువెళ్లి, టోపీ తీసి మరీ సాగనంపారు.

మరునాడు విందులో కోడి సూపు అద్భుతంగా ఉందని ఊరంతా మెచ్చుకుంది. ప్రూయిట్ గారికి మాత్రం చెంచాను కుడిచేత్తో పట్టుకోవడమే ఎక్కువ రుచించింది.