కత్తి మూసిన చప్పుడు

ఆ శనివారం సిప్రియన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే పట్నం వెళ్లి కొత్త కత్తి తెచ్చుకోవాలి. మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి, భోజనాల బల్ల మొదట ఉండే పెద్ద కుర్చీలో కూర్చోవాలి. భోజనానికి వస్తున్న, కొండమీది బీడు సొంతదారు ఓర్తాన్స్ అమ్మగారిచేత, ఆ బీడు ఈ ఏడు కూడా నీకేనయ్యా అనిపించుకోవాలి. ఆ బీడు కౌలుకు దొరక్కపోతే వేసవంతా ఆవులకు మేత లేదు. మేత లేకపోతే ఆవులూ లేవు, ఆయనా లేడు.

ఇక కత్తి సంగతి. వాళ్లుండే ఒబ్రాక్ కొండల్లో ఎవరి మడత కత్తితో వాళ్లు తింటారు. ఇంటి పెద్ద కత్తి తెరిస్తే భోజనం మొదలు, టక్కున మూస్తే భోజనం సరి. నోట్లో ముద్ద ఉన్నా సరే, లేచి పనిలోకి పోవాల్సిందే. మిగతా ఇళ్లలో ఈ పద్ధతి ఎప్పుడో పోయింది. సిప్రియన్ పోనివ్వలేదు. అయితే ఆయన పాత కత్తికి స్ప్రింగు వదులైపోయి, మూస్తే చప్పుడన్నదే రావడం మానేసింది. ఆయన మూసి లేచి నిలబడినా పాలేర్లు జున్ను ముందు పెట్టుకుని కబుర్లాడుతూనే ఉన్నారు. పాపం, వాళ్లకు వినపడలేదంతే. సిప్రియన్ మాత్రం తనను లెక్కచేయడం మానేశారని చలికాలమంతా లోలోపల కుళ్లిపోయాడు.

అలాంటి సమయంలో పట్నంలోని కత్తుల దుకాణం అద్దానికి ఒక బొమ్మ అంటించారు. బరువు పనికి నిలబడే కొత్త రకం మడత కత్తి, వసంతంలో వస్తోంది. అది చూసినప్పటినుంచి ఆయనకు నిద్ర పట్టలేదు. నెలలు నిండిన ఆవు చుట్టూ తిరిగినట్టు ప్రతి సంతరోజూ ఆ దుకాణం చుట్టూ తిరిగాడు. దుకాణంవాడు ఆయన్ని చూస్తే వెనకగదిలోకి తప్పుకునేదాకా వచ్చింది.

బయల్దేరేముందు పాత కత్తిని కొడుకు మీదికి విసిరాడు.

"ఇదిగో, గడ్డిమోపుల తాళ్లు కోసుకోవడానికి పనికొస్తుంది. బల్ల దగ్గర మాత్రం తియ్యకు, పరువుపోతుంది."

నెస్టర్‌కు నలభై దాటాయి. పొలం పనంతా అతనిదే, బల్ల దగ్గర మాత్రం చివరి కుర్చీ. "సరే నాన్నా" అని కత్తి జేబులో వేసుకున్నాడు. అతను అంతకంటే ఎక్కువ మాట్లాడగా విన్నవాళ్లు లేరు.

పట్నంలో దుకాణంవాడు కొత్త కత్తిని తెరిచి సిప్రియన్ చేతిలో పెట్టాడు. "చాలా బిగువు పెద్దాయనా. మీ వేళ్లకు ఈ చిన్నది నయం."

"నా వేళ్లకేమైందోయ్? నువ్వు పుట్టకముందునుంచీ ఆవుల కడుపులోంచి దూడల్ని లాగుతున్న వేళ్లివి!"

రెండు చేతులతో మూశాడు. టక్! వీధిలో కుక్క ఉలిక్కిపడి మొరిగింది. సిప్రియన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ చప్పుడు వింటే లేవనివాడెవడు! తెరుద్దామని గోరు పెట్టి లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. "చేతులు చల్లబడ్డాయి" అన్నాడు. దుకాణంవాడు తెరిచి ఇచ్చాడు. సిప్రియన్ దాన్ని తెరిచింది తెరిచినట్టే కాగితంలో చుట్టి, బండిలో పక్కసీటు మీద పెట్టుకుని ఇల్లు చేరాడు. భోజనం చివర ఒక్కసారి మూస్తే చాలు. మళ్లీ తెరిచే సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

అంతా బాగానే మొదలైంది. రొట్టె అడుగున కత్తిమొనతో సిలువ గీసి ముక్కలు కోశాడు. పాలేర్లు నోళ్లు వెళ్లబెట్టి చూశారు. ఆయన భార్య జెలీ అందరికీ సూప్ వడ్డించి, మాంసం తేవడానికి వంటింట్లోకి వెళ్లింది. ఓర్తాన్స్ అమ్మగారు ఒక చెంచా నోట్లో పెట్టుకుని, కత్తి వంక చూసి, "అబ్బో, చెట్లు కొట్టేలా ఉందే!" అన్నారు.

ముసలి పాలేరు బప్తిస్త్‌కు నోరు ఊరుకోదు. "చూపుకేముందిలెండమ్మా, చప్పుడుండాలి. పాతది మూస్తే దోమ దగ్గినట్టుండేది."

అందరూ నవ్వారు. ఓర్తాన్స్ అమ్మగారు కూడా నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. సిప్రియన్ ఒళ్లు మండిపోయి, "దోమా? ఇది విను!" అంటూ కత్తి మూశాడు.

టక్!

అందరికంటే ముందు లేచింది బప్తిస్త్. ఎన్నో ఏళ్ల అలవాటు మరి, నోట్లో చెంచాతోనే లేచాడు. మిగతా పాలేర్లు సూప్ వంక దీనంగా చూసి, టోపీలు పెట్టుకుని వాకిట్లోకి నడిచారు. ఓర్తాన్స్ అమ్మగారు చెంచా కింద పెట్టారు.

"మా నాన్న కూడా ఇలాగే మూసేవాడు సిప్రియన్ గారూ, గిట్టనివాళ్లు ఎక్కువసేపు కూర్చుంటే. సూప్ మధ్యలో మాత్రం ఎవర్నీ పంపలేదు. కౌలు పెంచుతాననేగా మీ భయం? నేనింకా నోరే తెరవలేదు!"

పొరపాటున మూశాను, కూర్చోండమ్మా అంటే పోయేది. కానీ కూర్చోబెట్టాలంటే కత్తి తెరవాలి. అది తన చేత కాదని చెప్పుకోవడంకంటే చావే నయమనిపించింది ఆ మహానుభావుడికి. కత్తిని బల్లకింద పెట్టుకుని, పళ్లు బిగబట్టి లాగుతున్నాడు. గోరు విరిగింది. "నీ యమ్మ కడుపు మాడ!" అన్నాడు కత్తిని.

"నన్నే!" ఓర్తాన్స్ అమ్మగారు కోటు అందుకున్నారు. "ఆ బీడుకోసం పక్క ఊళ్లోవాళ్లు నా గుమ్మం అరగదీస్తున్నారు. వాళ్లకే ఇస్తాను."

అప్పుడే మాంసం పళ్లెంతో వచ్చిన జెలీ ఖాళీ బల్ల చూసి నిలబడిపోయింది. "ఏం, సూప్ అంత పాడుగా ఉందా? తెల్లారకముందే లేచి కాచానే!" అని ఏడుపు అందుకోబోయి, కందిపోయిన మొగుడి ముఖం, వణుకుతున్న భుజాలు చూసింది. "అయ్యో, గుండె! నెస్టర్, పశువుల డాక్టరుకు ఫోన్ చెయ్!"

"పశువుల డాక్టరెందుకే!" అని మూలిగాడు సిప్రియన్.

"ఆయనే దగ్గర!"

నెస్టర్ అప్పటికే తండ్రి వెనక నిలబడి ఉన్నాడు. బల్లకింద జరుగుతున్నదంతా చూశాడు. మెల్లిగా చెయ్యి చాపి, "ఇటివ్వండి నాన్నా, తెరిచిస్తాను" అన్నాడు.

"ముట్టుకోకు! నేనింకా చావలేదు!"

నెస్టర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అదే చేత్తో జేబులోంచి పాత కత్తి తీసి తెరిచాడు. నిలబడే ఒక రొట్టెముక్క కోసి, ఓర్తాన్స్ అమ్మగారి పళ్లెం పక్కన పెట్టాడు.

"కూర్చోండమ్మా. భోజనం ఇప్పుడేగా మొదలైంది."

ఆవిడ సిప్రియన్ చేతిలో మూసి ఉన్న కత్తిని చూశారు. నెస్టర్ చేతిలో తెరిచి ఉన్న కత్తిని చూశారు. కోటు మళ్లీ కుర్చీకి తగిలించారు. గుమ్మంలోంచి తొంగిచూస్తున్న పాలేర్లు కూడా ఆ రెండు కత్తులనూ చూసి, టోపీలు తీసి, ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు.

చల్లారిన సూప్ తాగారు, వేడి మాంసం తిన్నారు. ఓర్తాన్స్ అమ్మగారు చివరి కుర్చీ వైపు తిరిగి కంచె సంగతి, నీటి ఊట సంగతి అడిగారు. నెస్టర్ అన్నిటికీ జవాబు చెప్పాడు. అతనికి అన్ని మాటలు వచ్చునని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. "బీడు నీ పేరున ఉండనీ నాయనా, పాత కౌలుకే" అన్నారావిడ. ఆవులు బతికాయి. పెద్ద కుర్చీలో కూర్చున్నాయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. తినడానికి కత్తి లేక, ఇంకొకరి కత్తి అడగలేక చేతులు ముడుచుకుని కూర్చున్న ఆయన పళ్లెం జెలీ లాక్కుని, పసిపిల్లాడికి కోసినట్టు మాంసం చిన్నచిన్న ముక్కలుగా కోసి పెట్టింది.

జున్ను అయ్యాక నెస్టర్ పాత కత్తి మూశాడు. చప్పుడు కాలేదు. అందరూ లేచారు.

జెలీ పళ్లేలు తీస్తూ పెద్ద కుర్చీ దగ్గరికి వచ్చింది.

"ఇంకా కూర్చున్నారేం? వాడు కత్తి మూశాడుగా, లేవండి."

సిప్రియన్ లేచాడు.