బ్రేకులు వాపసు ఇచ్చేయండహో!

తను అమ్మిన సరుకు మంచిది కాదని అమ్మినవాడే ఉత్తరం రాసే రోజులు వచ్చాయి. దీన్ని రీకాల్ అంటారు. ధర్మం నాలుగు పాదాల మీద నడుస్తోంది. రెండు చక్రాల బండ్లే ఆగడం లేదు.

నేను స్కూటర్లు బాగుచేస్తాను. పోయిన నెల కొత్త బ్రేక్ షూలు వచ్చాయి. బండి చేసిన కంపెనీవి కావు, బయట కంపెనీవి. డబ్బా మీద సింహం బొమ్మ. పదకొండు బండ్లకు వేశాను. తర్వాత ఉత్తరం వచ్చింది. షూ మీద అతికించిన లైనింగ్ ఊడిపోవచ్చు, ఊడితే బ్రేకు పడకపోవచ్చు, గౌరవనీయ కస్టమర్లు ఆందోళన చెందవద్దు అని.

చెందలేదు. వద్దన్నారుగా! లేచి బండ్లు వెతకడం మొదలుపెట్టాను. పది దొరికాయి.

చెడ్డ షూ ఏదో తెలిసేదెలా? దాని మీద నంబరు ఉంటుంది. ఎక్కడ? సరిగ్గా చక్రంలోని డ్రమ్ముకు ఒరుసుకునే చోట, సిరాతో! నాలుగుసార్లు బ్రేకు వేస్తే చెరిగిపోతుంది. నంబరు లేకపోతే మార్చరు. అంటే ఒక్కసారి కూడా బ్రేకు వెయ్యనివాడికే కొత్త బ్రేకు. తప్పేముంది? బ్రేకు వెయ్యకుండా ఇన్నాళ్లు బతికినవాడికి ఆ మాత్రం బహుమతి ఉండొద్దూ?

కంపెనీకి ఫోన్ చేశాను. ఒకమ్మాయి ఎత్తింది.

"నంబరు చెప్పండి సార్."

"అరిగిపోయిందమ్మా."

"అంటే వాడారా సార్?"

"బ్రేకులు కదమ్మా. దండెం మీద ఆరేసుకోలేదు."

"వాడిన పార్టు తీసుకోం సార్. ఇంకేమైనా సహాయం కావాలా?"

ఇంకేమైనా అంది. అంటే అప్పటికే ఒకటి చేసేసిందన్నమాట. నేనే గమనించలేదు.

ఈ ఉత్తరం వల్ల లాభాలు ఇన్నీ అన్నీ కావు. ఇల్లిల్లూ తిరిగి నా మోకాళ్లు సాగాయి. మనుషుల మధ్య మాటలు పెరిగాయి. టైలరైతే నాతో ఆరేళ్లలో మాట్లాడనంత ఒక్కరోజే మాట్లాడాడు. "ఏం బాబాయ్, వేసిందీ నువ్వే, పీకేదీ నువ్వేనా? ఇదేం బేరం!" అన్నాడు. అవునన్నాను. పాలాయన ఆ షూలు పడ్డ వారానికే బ్రేకు మానేశాడట. వాలు రోడ్డులో గోడ చూసుకుని దిగుతున్నాడు. అలవాటైపోయింది, ఇప్పుడెందుకు మార్చడం అన్నాడు. మా వియ్యంకుడి బండికీ అవే వేశాను. ఆయనకు చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు.

పదింటికీ పాత షూలే వెతికి బిగించాను. అరిగినవే. కానీ ఊడవు.

పదకొండోది వానలో వచ్చిన బండి. నీలం స్కూటరు. ఒకమ్మ, ముందు నిలబడి ఒక పాప, పసుపు రెయిన్‌కోటు. "త్వరగా అంకుల్, బడి గంట కొట్టేస్తారు" అంది తల్లి. త్వరగానే వేశాను. పేరు అడగలేదు. అడిగే అలవాటు నాకు లేదు. కంపెనీ కంప్యూటర్‌లో కూడా ఆమె లేదు. వారం రోజులుగా బడుల గేట్ల ముందు నిలబడుతున్నాను. నీలం బండ్లు చాలా ఉన్నాయి.

ఇది ప్రకటనగా వెయ్యండని పేపరాయన్ని అడిగాను. "కంపెనీ మీద నిందలు మేం వెయ్యం పెద్దాయనా. నవ్వొచ్చేదేదైనా రాసుకురా, చూద్దాం" అన్నాడు. నవ్వొచ్చేదిగా ఇంతదాకా రాశాను. ఇక్కడినుంచి కాదు.

నీలం స్కూటరమ్మా, రేపు పాపను నడిపించి తీసుకెళ్లు. గంట కొడితే కొట్టనీ. బండి స్టాండు వేసి ఉంచి, నీ ఇల్లెక్కడో కబురు చెయ్యి. స్పానర్లు పట్టుకుని నేనే వస్తాను.