రుద్రమ్మ తెరచాప కింద దావత్

ఆ పొద్దున రాజనర్సయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. రెండు పాత తెరచాపలను ఎండలో కట్టి చూడాలి, వాటిని బట్టి ఏ పడవ కొనాలో తేల్చుకోవాలి, సాయంత్రం ఐదు లోపల కాకినాడ దళారికి తంతి కొట్టాలి. ఆలస్యమైతే రెండు పడవలూ వేరే ఆసామికి పోతాయని దళారి ముందే రాశాడు.

రాజనర్సయ్య ముప్ఫై ఏళ్ళు రైల్వేలో గుమాస్తాగిరీ చేసి, మూడు నెలల క్రితం పింఛను పుచ్చుకున్నాడు. ఉద్యోగం పని మీద ఒకసారి కాకినాడ వెళ్ళి సముద్రం చూశాడు. అమీర్‌పేటలో ఆయన ఇంటి అరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని ఉంటారు. సముద్రంలో అరుగులు ఉండవని అక్కడే ఆయనకు తట్టింది. పాత పడవ ఒకటి కొనుక్కుని, అందులోనే కాపురముంటూ, తీరం వెంబడి భీమునిపట్నం దాకా పోతూ వస్తూ నిమ్మళంగా బతకాలని అప్పటినుంచీ కోరిక.

దొరలు అమ్ముకుని పోయిన పడవలకు దళారి సొంతంగా పేర్లు పెట్టాడు. రుద్రమ్మ వెడల్పాటిది, అడుగు చదును. లోతు లేని కాలువల్లోకి కూడా దూరుతుంది, లోపల నిటారుగా నిలబడి వంట చేసుకోవచ్చు. నడక మాత్రం ఎద్దుబండి నడక. సీతాబాయి సన్నగా ఉంటుంది. గాలి తగిలితే పరుగే, కానీ లోపల నడుం వంచి నడవాలి, మూడో మనిషి వస్తే కూర్చోవడానికి చోటు లేదు. ఈ చివరి లోపమే రాజనర్సయ్యకు బాగా నచ్చింది.

ఆయన భార్య మంగవ్వకు ఏదీ నచ్చలేదు. "నీళ్ళ నడుమ నేనెవ్వలతోని మాట్లాడాలె? చేపలతోనా?" అని ఒక్కసారే అడిగింది. మూడు నెలలైనా ఆయనకు దానికి జవాబు దొరకలేదు. అందుకే దళారి గూడ్సులో పంపిన తెరచాపల సంగతి ఆమెకు చెప్పకుండా, మూటలను పంజగుట్టలో పర్శరాములు కొట్టులో దింపాడు. పర్శరాములు దర్జీ. సిరిసిల్ల నేతగాళ్ళ ఇంట పుట్టినవాడు, గుడ్డను చూసి దాని వయసు చెప్పేస్తాడు.

"గుడ్డను మీదికెల్లి చూస్తె ఏం ఎర్కైతదే అన్నా. నెత్తి మీద కట్టి, కిందికెల్లి ఎండకు పట్టి చూడాలె," అన్నాడు పర్శరాములు.

మంగవ్వ బోరబండలో ఉన్న చెల్లెలి ఇంటికి బయలుదేరగానే ఇద్దరూ కలిసి మూటలు తెచ్చి, రాజనర్సయ్య వాకిట్లో వెదుర్లు పాతి రెండు తెరచాపలనూ పక్కపక్కన కట్టారు. ఎండ ముదిరితే గాని చిల్లులు కనిపించవని పర్శరాములు వాటి కింద చాప పరుచుకుని వెల్లకిలా పడుకున్నాడు. తంతి ఎన్ని గంటల దాకా తీసుకుంటారో కనుక్కోవడానికి రాజనర్సయ్య బేగంపేట స్టేషనుకు నడిచాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పింఛను పుచ్చుకున్నవాడు వాడకట్టులోని ఇళ్ళన్నిటికీ దావత్ ఇవ్వాలి. ఇది ఎక్కడా రాసి లేదు, ఎవరూ తప్పలేదు. రాజనర్సయ్య అందరి దావతులూ కడుపునిండా తిన్నాడు. తన వంతు వచ్చేసరికి మూడు నెలలుగా నడుం నొప్పి అంటున్నాడు. అలాంటి మనిషి వాకిట్లో వెదుర్ల మీద ఇంతింత తెల్లగుడ్డలు లేచాయి.

పక్కింటి సత్తెమ్మ గోడ మీంచి చూసింది. మూడు మూలల షామియానా ఆమె ఎన్నడూ చూడలేదు గాని, ఈమధ్య వచ్చిన కొత్త తీరు కాబోలనుకుంది. అడుగుదామంటే పర్శరాములు గురకపెడుతున్నాడు. అడగడానికి మనిషి లేడు కాబట్టి అనుమానం కూడా లేకపోయింది. వెళ్ళి మాంసం కొట్టు పోచయ్యకు చెప్పింది. ఇంత పెద్ద బేరం ఇంకెవరికి పోతుందోనని పోచయ్య ఎవరూ అడగకముందే రెండు పొట్టేళ్ళను కోశాడు. మాంసం వచ్చింది కనుక వంటవాళ్ళు వచ్చారు, వంటవాళ్ళు వచ్చారు కనుక చుట్టుపక్కల ఇళ్ళలో పొయ్యిలు ఆరిపోయాయి. తిరిగి వస్తున్న మంగవ్వకు దారిలోనే నలుగురు ఎదురై, ఇన్నాళ్ళకు మీ ఆయన నడుం నొప్పి తగ్గిందా అని పలకరించారు. సంగతి తెలుసుకున్న మంగవ్వ అటునుంచి అటే వెనక్కి వెళ్ళి, చెల్లెలినీ చెల్లెలి వాడకట్టునూ వెంటబెట్టుకుని వచ్చింది.

స్టేషన్లో పాత గుమాస్తాల కబుర్లలో పడి, రాజనర్సయ్య మధ్యాహ్నానికి ఇల్లు చేరేసరికి వాకిట్లో మూడు పొయ్యిలు మండుతున్నాయి. నిద్ర లేచిన పర్శరాములు, దావత్ రాజనర్సయ్యే పెట్టించాడనుకుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. అవి షామియానాలు కావని చెప్పడానికి రాజనర్సయ్య భార్యను పక్కకు పిలిచాడు. ఆమె అప్పటికే పెట్టెలోని పట్టుచీర కట్టుకుని ఉంది.

"మూడు నెల్ల సంది నీళ్ళకు బాయి కాడికి పోతె దావత్ ఎప్పుడని అడుగుతుండ్రి, సిగ్గైతుండె," అంది. "నాకు చెప్పకుంట గింత చేస్తవని అనుకోలే."

ఆమె కళ్ళలో నీళ్ళు చూస్తే రాజనర్సయ్యకు గుండె కరిగిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె తన వల్ల పడిన సిగ్గు తలుచుకుని తనకే సిగ్గేసింది. నోటిదాకా వచ్చిన మాట మింగి, పర్శరాములు పక్కన కూర్చుని తానూ ఉల్లిగడ్డలు కోయసాగాడు.

మగవాళ్ళ బంతి సీతాబాయి తెరచాప కింద, ఆడవాళ్ళ బంతి రుద్రమ్మ తెరచాప కింద కూర్చుంది. విస్తళ్ళలో కూర పడిందో లేదో మృగశిర మొదటి వాన గాలితో సహా దిగింది. సీతాబాయి గాలిని పట్టుకుంది, దాన్ని కుట్టింది అందుకే మరి. రెండు వెదుర్లను పెరుక్కుని లేచి, నడిమికి చర్రున చినిగి, పోచయ్య కొట్టు మీదికి పోయి పడింది. మగవాళ్ళు విస్తళ్ళు ఎత్తుకుని రుద్రమ్మ కిందికి ఉరికారు. తొంభైమంది మోకాలికి మోకాలు తగిలించుకుని కూర్చున్నారు. నీళ్ళన్నీ ఒక మూలకు చేరి బయటికి ధారకట్టాయి గాని, లోపల ఒక్క చుక్క కారలేదు.

పర్శరాములు పైకి చూస్తూ ముద్ద మింగాడు. "తేలిపోయింది అన్నా. సీతాబాయి గుడ్డ చీకిపోయింది. రుద్రమ్మది ఇంక ఇరవై ఏండ్లుంటది. పడవ గిదే తీస్కో," అన్నాడు బంతి మొత్తానికీ వినపడేలా.

పడవేమిటని సత్తెమ్మ అడిగింది. దాచడానికి ఇక చోటు లేక రాజనర్సయ్య లేచి, తెరచాపల సంగతీ తంతి సంగతీ చెప్పాడు. దావత్ తాను ఇచ్చింది కాదని కూడా తల వంచుకుని చెప్పాడు. మంగవ్వ గంటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పడవ పోయినా సరే, ఈమె మళ్ళీ తలెత్తి బావికి పోగలిగితే చాలని ఆ క్షణాన రాజనర్సయ్యకు నిజంగానే అనిపించింది.

మంగవ్వ తలెత్తి గుడ్డను చూసింది. తరవాత దాని కింద కూర్చున్నవాళ్ళను ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది.

"గింత మందిని పట్టింది గద," అంది చివరికి. "గీ రుద్రమ్మల ఐతె నేనొస్త. సత్తెమ్మా, నువ్వు దసరాకు రా. చెల్లే, నువ్వు దీపావళికి."

ఆ తరవాత పడవకు ఎవరు ఎప్పుడు రావాలో వంతులు పంచుకోవడానికి వాన వెలిసేదాకా పట్టింది. పోచయ్య శివరాత్రి దాటాక ఒక పొట్టేలుతో సహా వస్తానన్నాడు.

నాలుగున్నరకు రాజనర్సయ్య బురద తొక్కుకుంటూ బేగంపేట వెళ్ళి, రుద్రమ్మ కావాలని తంతి కొట్టాడు. మనసు తేలికగా ఉంది. మంగవ్వ వస్తానంది, కోరిక తీరుతోంది, కూర కూడా బాగా కుదిరింది. చినిగిన తెరచాపను కుట్టించి దళారికి తిప్పి పంపాలని పర్శరాములు కొట్టులో దింపి వస్తుంటే, పంజగుట్టలో ముక్కూమొహం తెలియని మనుషులిద్దరు ఆపి తమ వంతు ఎప్పుడని అడిగారు. ఇల్లు చేరి దళారి ఉత్తరం తీసి మొదటినుంచీ చదివాడు.

రుద్రమ్మలో పడుకోవడానికి చోటు ఇద్దరికే ఉంది.